పాఠకుల ప్రశ్నలు: యాప్ ఆగిపోతే పోయేదేమిటి, మిగిలేదేమిటి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: ప్రభుత్వం ఆపేసిన విదేశీ యాప్‌లు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. పేరు వేయొద్దని అడిగినవాళ్లు ఎక్కువ కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: 2019లో మా అమ్మ, నేను కలిసి టిక్‌టాక్‌లో చాలా వీడియోలు చేశాం. అమ్మ కిందటేడు పోయింది. 2025 ఆగస్టులో టిక్‌టాక్ మళ్లీ తెరుచుకుందని అందరూ అన్నారు, నాకైతే తెరుచుకోలేదు. ఆ వీడియోలు తెచ్చుకునే దారి ఏమైనా ఉందా? (బరంపురం)

జవాబు: ముందు పాత ఫోన్ సంగతి చూడండమ్మా. అప్పటి ఫోన్ ఇంట్లో ఏ అలమరాలోనైనా ఉంటే దాన్ని ఎక్స్చేంజికి ఇవ్వకండి, రీసెట్ చేయకండి. అందులో టిక్‌టాక్ ఇంకా ఉంటే తీసేయకండి, 'క్లియర్ డేటా' నొక్కకండి. పోస్టు చేయకుండా డ్రాఫ్టులుగా వదిలేసిన వీడియోలు కంపెనీ సర్వర్‌కు పోవు. ఫోన్లో ఆ యాప్‌కు విడిగా ఇచ్చిన చోటులోనే ఉంటాయి. యాప్ తీసేస్తే అవీ పోతాయి, తర్వాత గ్యాలరీలో ఎంత వెతికినా దొరకవు. నెట్ ఆపి యాప్ తెరవండి. డ్రాఫ్టులు కనబడితే స్క్రీన్ రికార్డర్ పెట్టి ఒక్కొక్కటీ ఆడించండి. చాలాకాలం మూలన పడి ఉన్న ఫోన్ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ మార్పించాకే ఆన్ చేయండి.

పోస్టు చేసిన వీడియోల్లో కొన్ని మీకు తెలియకుండానే ఫోన్లో సేవ్ అయి ఉండొచ్చు. ఫైల్ మేనేజర్‌లో 'వీడియోలు' తెరిచి, తేదీల వరుసలో పేర్చి, 2018 నుంచి 2020 జూన్ దాకా చూడండి. కెమెరా ఫోల్డరే కాదు, మూవీస్, డౌన్‌లోడ్ ఫోల్డర్లూ చూడాలి. మెమరీ కార్డు వేసి ఉంటే దాన్నీ చూడండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అది మామూలుగా కెమెరా ఫోల్డర్‌నే దాస్తుంది, మిగతా ఫోల్డర్లకు మనం విడిగా ఆన్ చేస్తేనే.

ఎక్కువమందికి పోయిన వీడియో దొరికేది వాట్సాప్‌లో. అప్పట్లో చేసిన ప్రతి వీడియోనూ పిన్నికీ, మేనమామకీ పంపే ఉంటారు. మీ ఫోన్లో వాట్సాప్, మీడియా, వాట్సాప్ వీడియో, దాని లోపల 'సెంట్' ఫోల్డర్ చూడండి. మీరు పంపినవన్నీ అందులో ఉంటాయి. లేకపోతే బంధువుల ఫోన్లలో మీ పేరు మీది చాట్ తెరిచి, పైన పేరు నొక్కి, 'మీడియా' చూడమనండి. మసక బొమ్మ మీద డౌన్‌లోడ్ బాణం గుర్తుంటే ఆశ వదులుకోవాల్సిందే, ఎందుకంటే వాట్సాప్ తన సర్వర్‌లో పాత వీడియోలను ఉంచదు. బొమ్మ తేటగా ఉంటే వీడియో ఆ ఫోన్లో ఉన్నట్టే. దాన్ని వీడియోగా కాక 'డాక్యుమెంట్'గా పంపమనండి, నాణ్యత తగ్గదు.

ఇక కంపెనీ దగ్గరున్న కాపీ. 2020లో ప్రభుత్వం ఆపింది మన దేశంలో యాప్ వాడకాన్ని. అకౌంట్లను చెరిపేయమనలేదు. మీ ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉండి, యూజర్ పేరు గుర్తుంటే, టిక్‌టాక్ నడుస్తున్న దేశంలో ఉన్న చుట్టాలతో వెతికించండి. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఎవరో ఒకరు ఉండకపోరు. కనబడితే వాళ్లే డౌన్‌లోడ్ చేసి పంపగలరు. ప్రైవేటు అకౌంట్ అయితే లాగిన్ కావాలి, ఓటీపీ అప్పటి నంబరుకే వస్తుంది. ఆ సిమ్ వదిలేసి ఉంటే అది ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. డబ్బిస్తే పాత టిక్‌టాక్ వీడియోలు తెచ్చిపెడతామనేవాళ్లను నమ్మకండి, వాళ్ల దగ్గర వేరే తాళంచెవి ఏమీ ఉండదు.

ఆగస్టు సంగతి: కొందరికి వెబ్‌సైట్ మొదటి పేజీ తెరుచుకున్నమాట నిజం. లోపలి పేజీలు తెరుచుకోలేదు, ప్లే స్టోర్లో యాప్ రాలేదు. నిషేధం ఎత్తేస్తూ ఏ ఉత్తర్వూ ఇవ్వలేదని కేంద్రం అప్పుడే చెప్పింది. ఉత్తర్వు ఒకటే అయినా దాన్ని అమలుచేసే నెట్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. అందుకే పక్కింటి ఫోన్లో తెరుచుకున్న పేజీ మీ ఫోన్లో తెరుచుకోదు.

ప్రశ్న: మా ఇంటి డాబా మీద పాతపట్నం టవర్ సిగ్నల్ వస్తుంది. ఆంధ్రా సిమ్ వేసి ఆ టవర్ పట్టుకుంటే నిషేధం అంటదని మా బావ వాదన. మల్కన్‌గిరిలో నెట్ ఆపినప్పుడు ఆంధ్రా వైపు నడిచింది కదా అంటాడు. (పర్లాకిమిడి)

జవాబు: మీ బావగారు రెండు వేరువేరు ఉత్తర్వులను ఒకే గాటన కట్టారు.

యాప్ నిషేధం కేంద్ర ఐటీ శాఖ ఇచ్చేది, ఐటీ చట్టం 2000లోని 69ఎ సెక్షన్ కింద. అది దేశమంతటికీ ఒకటే. పర్లాకిమిడి అయినా పాతపట్నం అయినా తేడా లేదు. పైగా టిక్‌టాక్ లాంటి యాప్ టవర్ ఎక్కడిదని చూడదు, సిమ్ ఏ దేశానిదని చూస్తుంది. ప్రతి సిమ్‌లోనూ దేశం కోడ్ ఉంటుంది, మన సిమ్‌లకు 404 లేదా 405. ఒడిశా సిమ్‌కూ ఆంధ్రా సిమ్‌కూ అందులో భేదం లేదు.

నెట్ ఆపడం రాష్ట్రం చేసే పని. కటక్‌లో 2025 అక్టోబరులో, మల్కన్‌గిరిలో డిసెంబరులో ఆపింది ఇలాగే. దీనికి టెలికం సేవల తాత్కాలిక నిలిపివేత నియమాలు 2024 ఉన్నాయి. ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్ర హోం కార్యదర్శి. కలెక్టర్‌గానీ ఎస్పీగానీ సొంతంగా ఆపించలేరు. ఒక ఉత్తర్వు గడువు 15 రోజులు దాటకూడదు, కారణం రాసి దాన్ని ప్రచురించాలి. ఇది అమలయ్యేది టవర్ల దగ్గర. ఆపిన జిల్లాలోని టవర్‌ను పట్టుకున్న ఆంధ్రా సిమ్‌కూ నెట్ రాదు, సరిహద్దు అవతలి టవర్‌ను పట్టుకున్న ఒడిశా సిమ్‌కు వస్తుంది. బావగారి మాట ఈ ఒక్కచోట చెల్లుతుంది.

నెట్ ఆపిన రోజుల్లో పనికొచ్చేది ఒకటి చెబుతాం. మామూలు కాల్స్ నడుస్తుంటే *99# కూడా నడుస్తుంది. బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచి దాన్ని డయల్ చేసి, నెట్ లేకుండానే ఒకసారికి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. అయితే నమోదు, యూపీఐ పిన్ పెట్టుకోవడం ముందే అయి ఉండాలి. నెట్ పోయిన రోజున మొదలుపెడితే బ్యాంకు పేరు, కార్డు చివరి అంకెలు కొట్టేలోపే లైన్ తెగిపోతుంటుంది.

ప్రశ్న: మా గుంటడు వాట్సాప్ గ్రూపులో వచ్చిన 'టిక్‌టాక్ కొత్త వెర్షన్' ఫైలు ఇన్‌స్టాల్ చేశాడు. అప్పటినుంచి ఫోన్ వేడెక్కుతోంది, ఆ యాప్ గుర్తు కూడా తెర మీద కనబడకుండా పోయింది. నా ఫోన్‌పే అందులోనే ఉంది. ఏం చేయాలి? (గుణుపురం)

జవాబు: చదువుతున్న ఈ నిమిషంలోనే ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ప్లే స్టోర్లో లేని యాప్‌ను ఏపీకే ఫైలుగా, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలుగా, వేసుకోవాల్సిందే కదా అనిపిస్తుంది జనానికి. మోసగాళ్లకు అదే వాటం. నిషేధం పడ్డ కొద్ది రోజులకే, 2020 జూలైలో, 'టిక్‌టాక్ ప్రో' పేరుతో తిరుగుతున్న నకిలీ గురించి మహారాష్ట్ర సైబర్ పోలీసులు హెచ్చరించారు. పేరు మారుతుంది, పని మారదు. ఒకసారి ట్రాఫిక్ చలానా అంటారు, ఒకసారి పీఎం కిసాన్ అంటారు, ఇంకోసారి పెళ్లి శుభలేఖ అంటారు. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అంటే ఓటీపీ దాని చేతికి పోయినట్టే. తర్వాత 'యాక్సెసిబిలిటీ' అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు ఫోన్ వాడటానికి సాయపడే సదుపాయం అది. దాన్ని ఇచ్చేస్తే తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. గుర్తు మాయమవడం కూడా పథకంలో భాగమే, తీసేద్దామంటే కనబడకూడదని.

వరుస ఇదీ. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, డెబిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తినవాళ్లకు మొదటి మాటలోనే 'ఒడిశా, రాయగడ జిల్లా' అని చెప్పండి, ముఖ్యంగా ఆంధ్రా నంబరు నుంచి చేస్తుంటే. బ్యాంకు పేరు, అకౌంట్ నంబరు, పోయిన సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పూర్తిచేయాలి. స్టేషన్‌కు వెళితే 'ఇది మా పరిధి కాదు' అనే మాట వినబడొచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. సెక్షన్ నంబరు చెప్పి అడగండి.

ఫోన్ శుభ్రం చేసేటప్పుడు చాలామంది తిన్నగా అన్‌ఇన్‌స్టాల్‌కు పోతారు, అది పనిచేయదు, బటన్ మసకగా ఉంటుంది. కారణం, యాప్ 'డివైస్ అడ్మిన్' అనుమతి, అంటే తనను తీసేయకుండా అడ్డుకునే అధికారం, తీసుకుని ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి, తెర మీద 'పవర్ ఆఫ్' వచ్చాక దాన్నే కాసేపు అదిమి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో బయటి యాప్‌లు పనిచేయవు. అప్పుడు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తీసి, డివైస్ అడ్మిన్ తీసి, ఆ తర్వాత యాప్‌ల పూర్తి జాబితాలోంచి దాన్ని తీసేయండి. గుర్తు లేకపోయినా జాబితాలో ఉంటుంది. ఒక్కోసారి పేరు 'సర్వీస్', 'అప్‌డేట్' అని ఉంటుంది, ఇన్‌స్టాల్ అయిన తేదీ చూస్తే పట్టుబడుతుంది. కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ చూసి తెలియని నంబరు ఉంటే ఆపండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి మీవి కానివన్నీ తీసేయండి.

యూపీఐ ఉన్న ఫోన్ కాబట్టి ఇంతటితో ఆగొద్దని మా సలహా. ఫొటోలు, నంబర్లు బయటికి తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్యాకప్‌లో ఆ ఏపీకే ఫైలు మళ్లీ రాకుండా చూసుకోండి. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ రీసెట్ అయ్యాకే మార్చండి. ముందే మార్చితే కొత్తవీ దాని చేతికే పోతాయి.

బ్యాంకుకు చెప్పిన సమయాన్ని కాగితం మీద రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు పొరపాటే ఉన్నా, చెప్పిన తర్వాత పోయిన డబ్బు బ్యాంకు భరించాలి. ఆ పది నిమిషాల తేడా మీదే తర్వాత వాదన అంతా నడుస్తుంది. కుర్రాణ్ణి కొట్టకండి. కొడితే ఇంకోసారి ఇలాంటిది జరిగినప్పుడు మీకు చెప్పడు, ఆ దాచిన రాత్రే డబ్బు పోతుంది.

ప్రశ్న: వీపీఎన్ పెట్టుకుని నిషేధించిన యాప్ వాడితే జైలుకు పంపుతారా? (జయపురం)

జవాబు: 69ఎ కింద శిక్ష ఉన్నది ఉత్తర్వు పాటించని కంపెనీలకు, ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. వాడినవాడికి ఆ సెక్షన్లో శిక్ష లేదు. వీపీఎన్ (మన నెట్‌ను వేరే కంపెనీ సర్వర్ గుండా తిప్పే సాధనం) వాడటమూ దానంతటదే నేరం కాదు, ఆఫీసు పనికి రోజూ వాడేవాళ్లు ఎంతోమంది. అయితే జమ్మూకశ్మీర్ జిల్లాల్లో చేసినట్టు మెజిస్ట్రేటు ఎక్కడైనా వీపీఎన్‌ను ఆపుతూ ఉత్తర్వు ఇస్తే, అది ఉన్నన్నాళ్లూ అక్కడ వాడటం ఉత్తర్వు ధిక్కారమే.

చట్టం పక్కన పెట్టినా ఉచిత వీపీఎన్‌కు మేం ఒప్పుకోం. మీ నెట్ అంతా ముక్కూమొహం తెలియని ఒక కంపెనీ గుండా పోతుంది. చైనా కంపెనీ చేతిలో డేటా పడుతుందన్నది నిషేధానికి చెప్పిన కారణాల్లో ఒకటైతే, దాన్ని తప్పించుకోవడానికి యజమాని ఎవరో కూడా తెలియని యాప్‌ను నమ్మడం ఏం తెలివి? 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ వీపీఎన్ కంపెనీలను వినియోగదారుల వివరాలు అయిదేళ్లు దాచమంది. పేరున్న కంపెనీలు కొన్ని తమ సర్వర్లను మన దేశంలోంచి ఎత్తేశాయి. పైగా సిమ్ కోడ్ చూసే యాప్‌కు వీపీఎన్ ఒక్కటీ చాలదు.

ప్రశ్న: విదేశీ యాప్ అనే కదా టిక్‌టాక్‌ను ఆపారు. మరి ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ మాత్రం స్వదేశీవా? (రాయగడ, డిగ్రీ విద్యార్థి)

జవాబు: మంచి ప్రశ్న. 69ఎ సెక్షన్లో 'విదేశీ' అన్న మాటే లేదు. యజమాని ఎవరన్నది ఆ చట్టానికి పట్టదు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజా శాంతి, వీటికి సంబంధించిన నేరాలకు పురిగొల్పకుండా ఆపడం: ఇవే అది చెప్పే కారణాలు. తెలుగువాడు నడిపే యాప్‌ను కూడా వీటి కింద ఆపొచ్చు.

అయితే కాగితం మీది కారణం వేరు, అది వచ్చిన వేళ వేరు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు వారిలో ఒకరు. రెండు వారాలకు, జూన్ 29 రాత్రి, 59 యాప్‌ల జాబితా వచ్చింది. టిక్‌టాక్, హెలో, లైకీ, వీచాట్, షేరిట్, యూసీ బ్రౌజర్, క్యామ్‌స్కానర్ అన్నీ అందులో ఉన్నాయి. సెప్టెంబరు 2న పబ్‌జీతో కలిపి 118, నవంబరు 24న 43, 2022 ఫిబ్రవరిలో ఇంకో 54. మొదటి 59 యాప్‌ల నిషేధాన్ని 2021 జనవరిలో శాశ్వతం చేశారు. ముందు అత్యవసర ఉత్తర్వు ఇచ్చి, 48 గంటల్లో కమిటీ ముందు పెట్టి, కంపెనీల జవాబు తర్వాత వినే పద్ధతి 69ఎ కింద చేసిన 2009 నియమాల్లో ఉంది.

చైనా విషయంలో భయం ఉత్తదేమీ కాదు. 2017లో చైనా చేసిన జాతీయ నిఘా చట్టం ఏడో అధికరణం ప్రకారం అక్కడి సంస్థలు నిఘా పనికి సహకరించాలి. టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్ బీజింగ్ కంపెనీ. అమెరికా కంపెనీలు మన డేటా తీసుకోవడం లేదా అంటే తీసుకుంటున్నాయి. సరిహద్దులో మనతో తలపడిన ప్రభుత్వం వాటి వెనక లేదన్నదే తేడా. ఇది రాజకీయ తేడా, సాంకేతికమైనది కాదు. అలా చెప్పుకుంటేనే నిజాయితీగా ఉంటుందని మా ఉద్దేశం.

అమెరికా మాత్రం యాజమాన్యాన్నే చట్టంలో రాసుకుంది. 2024 ఏప్రిల్ 24న వచ్చిన చట్టం చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా చేతిలో 20 శాతం, అంతకు మించి వాటా ఉన్న యాప్‌కు వర్తిస్తుంది: అమ్మేయాలి, లేదా మూసేయాలి. 2025 జనవరి 17న అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గడువు మీద గడువు పొడిగించి, చివరికి 2026 జనవరిలో అమెరికా వ్యాపారాన్ని కొత్త కంపెనీకి మార్చారు. బైట్‌డాన్స్ వాటా 20 శాతం లోపుకు దిగింది, యాప్ బతికింది. మన దగ్గర అలాంటి మెట్టు చట్టంలో లేదు. అయినా ఆచరణలో కొంత జరుగుతోంది. పబ్‌జీ పేరు మార్చుకుని, చైనా పంపిణీదారును తప్పించి, 2021 జూలైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)గా వచ్చింది. 2022 జూలైలో అదీ ఆగి, 2023 మేలో తిరిగొచ్చింది. 2020 జాబితాలో ఆగిన బట్టల యాప్ షీన్ 2025లో రిలయన్స్ చేయి పట్టుకుని వచ్చింది.

నేపాల్ సంగతి చూస్తే 'విదేశీ' అన్న లెక్క ఇంకా తికమకగా ఉంటుంది. 2023 నవంబరులో టిక్‌టాక్‌ను ఆపి, 2024 ఆగస్టులో వదిలారు. 2025 సెప్టెంబరు 4న, నమోదు చేసుకోలేదని ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ సహా 26 వేదికలను ఆపారు. టిక్‌టాక్ అప్పటికే నమోదై ఉండటంతో అది నడిచింది. కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు, సెప్టెంబరు 8న ఒక్కరోజే 19 మంది చనిపోయారు. ఆ రాత్రే నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో బరంపురం పట్టుచీరలు అమ్ముతున్నాను. కొనేవాళ్లలో సగం విశాఖ, హైదరాబాద్ వాళ్లు. రేపు దీన్నీ ఆపేస్తే నా గతి ఏమిటి? (బరంపురం)

జవాబు: టిక్‌టాక్ మీద బతికినవాళ్లకు 2020లో నోటీసు రాలేదు. జూన్ 29 రాత్రి ఉత్తర్వు వస్తే మర్నాటికి స్టోర్లలో యాప్ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌ను ఆపుతారని మేం అనడం లేదు. అకౌంట్ హ్యాక్ అయినా, కంపెనీ పొరపాటున మూసినా మీకు జరిగేది అదే.

అకౌంట్స్ సెంటర్లో మీ సమాచారం, అనుమతులు అన్న చోటికి వెళ్లి డేటా డౌన్‌లోడ్ అడగండి. కాలం 'మొత్తం' అని, రూపం హెచ్‌టీఎమ్ఎల్ అని ఎంచుకోండి, ఫోన్లో చదవడానికి అదే తేలిక. సిద్ధమయ్యాక వచ్చే లింకు నాలుగు రోజులే ఉంటుంది, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. ఫోన్లో చోటు లేకపోతే కంప్యూటర్ మీద దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. యూట్యూబ్ ఛానల్ కూడా ఉంటే గూగుల్ టేకౌట్‌తో ఇదే పని చేయండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ డేటాలో ఫాలోవర్ల జాబితా వస్తుంది కానీ పేర్లే వస్తాయి, ఫోన్ నంబర్లు రావు. యాప్ ఆగిన రోజు ఆ పేర్లతో మీరు చేయగలిగేది ఏమీ లేదు. అందుకని ప్రతి ఆర్డరుకూ పేరు, నంబరు, ఊరు, పిన్‌కోడ్, ఏ చీర, ఎంతకు అన్నది ఒక నోటు పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో రాసుకోండి. కొరియర్ చీటీల కోసం ఎలాగూ రాస్తారు, వాటిని పారేయకుండా ఉంటే చాలు. కొత్త చీరలు వచ్చినప్పుడు చెప్పమంటారా అని అడిగి, సరేనన్నవాళ్లనే జాబితాలో పెట్టండి.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగుకు 500 వస్తువుల దాకా పడతాయి. బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి. ఇక్కడో చిక్కుంది: మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. పార్సిల్లో మీ నంబరున్న చిన్న కార్డు వేసి సేవ్ చేసుకోమని రాయండి. అయితే వాట్సాప్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ యజమాని మెటానే. ఒకటి పోయిన రోజున రెండోది ఉంటుందన్న హామీ లేదు. నంబరు చేతిలో ఉంటే మామూలు ఎస్సెమ్మెస్ అయినా పంపొచ్చు.

చీరల ఫొటోల అసలు ప్రతులు విడిగా దాచండి. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోను 1080 పిక్సెళ్ల వెడల్పుకు కుదించేస్తుంది, తిరిగి దించుకుంటే అంచు మీది కుంభం నేత పని తేలదు. అకౌంట్‌కు రెండంచెల భద్రత పెట్టి, అప్పుడిచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే ఫోన్ పోయిన రోజున కోడ్లూ పోతాయి.

ప్రశ్న: మా జిరాక్స్ షాపులో ఇంకా పాత క్యామ్‌స్కానర్, షేరిట్ వాడుతున్నాం. తప్పా? (ఛత్రపురం)

జవాబు: మీ మీద కేసు పెట్టరు కానీ తీసేయండి. స్టోర్లోంచి పోయిన యాప్‌కు అధికారికంగా అప్‌డేట్లు రావు, లొసుగులు అలాగే ఉండిపోతాయి. మీ దగ్గరికి వచ్చేవి జనం ఆధార్, పాన్, భూమి కాగితాలు. స్కానింగ్‌కు గూగుల్ డ్రైవ్‌లో ఉన్న స్కాన్ చాలు, ఫైళ్లు పంపడానికి ఆండ్రాయిడ్‌లోనే క్విక్ షేర్ ఉంది. సాయంత్రం షాపు మూసే ముందు కస్టమర్ల కాగితాలు ఫోన్లోంచి చెరిపే అలవాటు చేసుకోండి. గ్యాలరీలో చెరిపితే 'ట్రాష్'లో ఉంటాయి, దాన్నీ ఖాళీ చేయాలి.

ప్రశ్న: నా పేజీ మీద 'ఇండియాలో నిలిపివేయబడింది' అని వస్తోంది. ఎందుకో ఆర్‌టీఐ పెడితే చెబుతారా? (కోరాపుట్)

జవాబు: కేంద్ర ఐటీ శాఖకు ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో 10 రూపాయలు కట్టి పెట్టొచ్చు. ఎక్కువగా వచ్చే జవాబు తిరస్కరణే, భద్రత మినహాయింపు, 2009 నియమాల్లోని 16వ నియమం చూపిస్తారు. నిరోధించే ఉత్తర్వులను, ఫిర్యాదులను రహస్యంగా ఉంచాలని అది చెబుతుంది. తన పేజీ ఎందుకు ఆగిందో తనకే చెప్పకపోవడం మాకు సబబుగా తోచదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 69ఎ సెక్షన్‌ను నిలబెడుతూ సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, వాటిని హైకోర్టులో రిట్ వేసి సవాలు చేయవచ్చు.

అంతదూరం పోయే ముందు ఆపింది ప్రభుత్వమా, కంపెనీయా తేల్చుకోండి. కంపెనీ పంపిన మెయిల్లో 'చట్టపరమైన అభ్యర్థన' అని ఉంటే ప్రభుత్వమో కోర్టో. 'మా నిబంధనలు' అని ఉంటే కంపెనీ సొంత పని. రెండోదైతే కంపెనీ ఫిర్యాదు అధికారికి రాయండి. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి దాకా ఇది 15 రోజులు). తేల్చకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు చేయొచ్చు, ఫీజు లేదు. మొదటిదైతే కటక్ హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్. దానికి వెళ్లేటప్పుడు మెయిల్, ఆగిన పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా, మీ పేజీ పాత పోస్టుల కాపీ, ఆర్‌టీఐ తిరస్కరణ కాగితం లాయరుకు ఇవ్వండి.